ఊరిని అడగకుండానే మున్సిపాలిటీ: విలీనాల గొడవ వెనుక 2018 మార్చి

విలీనం మాట మళ్లీ లేచింది. 2025 చివర్లో హైదరాబాద్ చుట్టూ ఉన్న 27 మున్సిపాలిటీలను, కార్పొరేషన్లను ఆర్డినెన్స్ తెచ్చి గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ)లో కలిపేశారు. అదే ఏడాది మొదట్లో మహబూబ్‌నగర్ కార్పొరేషన్ అయింది. ఏడాది తిరిగేసరికి నల్లగొండ కూడా అయింది. కార్పొరేషన్ అన్నాక చుట్టుపక్కల ఊళ్ల మీద కన్ను పడుతుందని అందరికీ తెలిసిందే. పాలమూరుకు, అంటే మహబూబ్‌నగర్‌కు కూతవేటు దూరంలో ఉన్న పది వార్డుల భూత్పూర్ లాంటి చిన్న మున్సిపాలిటీలైనా, వాటి పక్కనున్న పంచాయతీలైనా టెన్షన్ ఒక్కటే. మమ్మల్ని ఎందులో కలుపుతారు? కలిపే ముందు అడుగుతారా?

రెండో ప్రశ్నకు జవాబు ఎనిమిదేళ్ల కిందటే వచ్చేసింది. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 2018 మార్చిని.

ఆ నెల బడ్జెట్ సమావేశాల్లో తెలంగాణ అసెంబ్లీ కొత్త పంచాయతీరాజ్ చట్టాన్ని ఆమోదించింది. రాష్ట్రంలో 4,383 కొత్త పంచాయతీలు పుట్టాయి. తొమ్మిది వేలకు లోపున్న పంచాయతీల సంఖ్య పన్నెండున్నర వేలు దాటింది. ఐదొందల జనాభా ఉన్న తండా కూడా పంచాయతీ అయింది. ‘మా తండాలో మా రాజ్యం’ అని లంబాడాలు ఏళ్ల తరబడి ఇచ్చిన నినాదం చట్టమైంది. దేవరకొండ, చందంపేట, అచ్చంపేట, బాలానగర్ తండాల్లో తిరిగిన వాళ్లకు ఆ రోజుల సంబరం గుర్తుండే ఉంటుంది.

అవే రోజుల్లో మున్సిపల్ చట్టాలకూ సవరణ జరిగింది. 68 కొత్త మున్సిపాలిటీల పేర్లు, వాటిలో కలిసే ఊళ్ల పేర్లు చట్టానికి జతచేసిన జాబితాలో, అంటే షెడ్యూల్‌లో ఎక్కాయి. మన నల్లగొండ వైపు చిట్యాల, హాలియా, నందికొండ, చండూరు, నేరేడుచర్ల, తిరుమలగిరి, మోత్కూరు, ఆలేరు, చౌటుప్పల్, పోచంపల్లి, అటు పాలమూరు వైపు భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు, ఆత్మకూరు, అమరచింత, అలంపూర్, వడ్డేపల్లి, మక్తల్, కోస్గి అలా వచ్చినవే. ఒక చట్టం ఐదొందల మందికి ఒక సర్పంచ్‌ను ఇచ్చింది. ఇంకో చట్టం అదే రకం జనం, అదే రకం చేన్లు ఉన్న పక్క ఊరి నుంచి సర్పంచ్‌ను తీసేసింది. మొదటి దాని గురించి చాలా మాట్లాడుకున్నాం. రెండో దాని గురించి అప్పట్లో మాట్లాడింది చాలా తక్కువ. నాకు తెలిసి తప్పు అక్కడే జరిగింది.

అంతకుముందు పద్ధతి వేరు. ప్రభుత్వం ముందు నోటిఫికేషన్ ఇచ్చేది, అభ్యంతరాలకు గడువు పెట్టేది. పంచాయతీ కూర్చుని తీర్మానం చేసేది. ఒప్పుకోని ఊరు కోర్టు మెట్లెక్కేది. 2011-13 మధ్య నగర పంచాయతీలు పెట్టినప్పుడు ఇదంతా నడిచింది. ఆలస్యమయ్యేది నిజమే, కేసులు పడేవి, ఎన్నికలు వెనక్కి పోయేవి. కానీ ఊరికి ఒక మాట చెప్పుకునే చోటంటూ ఉండేది. 2018లో ఊరి పేరు ఏకంగా చట్టంలోనే రాసేసరికి ఆ చోటు పోయింది. కలెక్టరుకు వినతిపత్రం ఇస్తే చట్టం అయిపోయింది కదా అంటారు. ఎమ్మెల్యేను అడిగితే అభివృద్ధి కోసమే అంటారు.

రాజ్యాంగం ఈ విషయంలో గుడ్డిగా లేదు. పల్లె నుంచి పట్నంగా మారుతున్న ప్రాంతం అని దేన్ని అనాలో 243క్యూ అధికరణం చెబుతుంది. జనాభా ఎంత, జనసాంద్రత ఎంత, స్థానిక ఆదాయం ఎంత, వ్యవసాయం కాని పనుల్లో ఎంతమంది ఉన్నారు అని చూడమంటుంది. ఈ చివరి ప్రశ్నను అమరచింతకో, వడ్డేపల్లికో, చండూరుకో వేసి చూడండి. ఆ పేట నడిమధ్యలో కిరాణా కొట్లు, ఎరువుల దుకాణాలు, టిఫిన్ సెంటర్లు ఉంటాయి. అమరచింతలో మగ్గాలున్నాయి. వాటి చుట్టూ కలిపిన ఊళ్లలో మాత్రం పత్తి, వరి, వేరుశనగ, కూలి పని.

కూలి పని అనే మాట దగ్గరే అసలు దెబ్బ తగిలింది. పంచాయతీ పోయిన చోట ఉపాధి హామీ కూడా పోతుంది. ఆ పథకం గ్రామీణ ప్రాంతాలకే. మన వైపు దాన్ని ఎవరూ ఉపాధి హామీ అనరు, కరువు పని అంటారు. ఆ పేరులోనే పాలమూరు చరిత్ర ఉంది. 2006లో దేశంలో మొదటి విడతగా 200 జిల్లాల్లో పథకం మొదలైనప్పుడు మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ అందులో ఉన్నాయి. ముంబై, పుణె దాకా వలసపోయి మట్టి పని చేసిన కుటుంబాలకు ఎండాకాలం మూడు నెలలు ఊళ్లోనే పని దొరికింది. పొద్దున్నే ఐదింటికి గడ్డపార, తట్ట పట్టుకుని చెరువు కట్ట కాడికి పోయి, ఎండ ముదరక ముందే ఇంటికి రావడం. వయసు మీరిన ఆడవాళ్లకు, పట్నం పోలేని వాళ్లకు అది పెద్ద ఆసరా.

2019 ఎండాకాలంలో పాలమూరు వైపు కొత్తగా మున్సిపాలిటీలో కలిసిన ఒక తండాకు వెళ్లాను. యాభై ఏళ్లు దాటిన ఒక ఆమె బియ్యం డబ్బాలోంచి పాలిథిన్ కవరు తీసింది. అందులో రేషన్ కార్డు, ఓటరు కార్డు, వాటి మధ్యలో ఉపాధి హామీ జాబ్ కార్డు. చెమటకు, మట్టికి అట్ట మెత్తబడింది. లోపల వారాల వారీగా పని చేసిన రోజులు, ఫీల్డ్ అసిస్టెంట్ సంతకాలు. చివరి వరుసలు 2018 ఎండాకాలానివి. ఆ తర్వాత పేజీలు తెల్లగా ఉన్నాయి. కార్డు ఎవరూ వెనక్కి తీసుకోలేదని, పనే ఆగిపోయిందని చెప్పింది. ఎందుకు ఆగిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. తండా మున్సిపాలిటీలో కలిసిందని తెలుసు. కలిస్తే కరువు పని పోతుందని తెలియదు. రెండు కిలోమీటర్ల అవతల, పంచాయతీగా మారిన ఇంకో తండాలో ఆ వారమే మస్టర్ (పని హాజరు పట్టీ) పడిందని మాత్రం తెలుసు. వాళ్ల ఆడబిడ్డ అక్కడే ఉంటుందట.

2025-26లో తెలంగాణలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. వంద రోజులూ దొరికితే 30,700. అందరికీ వంద రోజులు దొరకవు, సగం దొరికినా పదిహేను వేలు దాటుతుంది. 2025 డిసెంబర్‌లో కేంద్రం పాత చట్టం స్థానంలో కొత్తది తెచ్చి 125 రోజులు అంది. కొత్త చట్టమూ గ్రామీణ కుటుంబాలకే. అంటే విలీనమైన ఊరికి, కాని ఊరికి మధ్య తేడా ఇకముందు ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు విలీనం అనగానే పంచాయతీల్లో ఆడవాళ్లు ముందు నిలబడి వద్దంటున్నారంటే లెక్క ఇదే. వాళ్లకు రాజకీయం నేర్పాల్సిన పని లేదు.

అధికారుల వైపు వాదన కూడా ఉంది. పేట, దాని పక్క ఊళ్లు కలిసిపోయి పెరుగుతుంటే రోడ్డు ఒకరిది, మోరీ ఒకరిది అవుతుందని, లేఅవుట్లు ఇష్టం వచ్చినట్టు లేస్తాయని, పట్టణాలకు వచ్చే నిధులు పంచాయతీకి రావని అంటారు. 2019 మున్సిపల్ చట్టంలో పేదలకు మేలు చేసేవీ ఉన్నాయి. 75 చదరపు గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకుంటే అనుమతి అక్కర్లేదు, ఏడాదికి వంద రూపాయల ఇంటి పన్ను. చౌటుప్పల్ లాంటి చోట ఈ వాదన నిలబడుతుంది. జాతీయ రహదారి మీద ఫ్యాక్టరీలతో, అద్దె ఇళ్లతో అది ఎప్పుడో పట్నమైపోయింది. నందికొండ సంగతీ అంతే. సాగర్ డ్యామ్ కట్టడానికి వెలసిన హిల్ కాలనీ, పైలాన్ కాలనీలను వ్యవసాయ పల్లె అని ఎవరూ అనలేరు.

కానీ ఆ 68లో ఎన్ని చౌటుప్పళ్లు ఉన్నాయి? పోచంపల్లినే తీసుకోండి. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ప్రపంచం గ్రామమని గుర్తించిన నాటికి మన రికార్డుల్లో అది మూడేళ్లుగా మున్సిపాలిటీ.

డబ్బు తర్వాత ఊరి మాట చెల్లే సంగతి. సర్పంచ్‌ను ఊరే నేరుగా ఎన్నుకుంటుంది, పార్టీ గుర్తు ఉండదు. పొద్దున లేస్తే కనబడే మనిషి, నల్లా రాకపోతే ఇంటి ముందుకు పోయి అడగొచ్చు. మున్సిపాలిటీలో వార్డు కౌన్సిలర్ పార్టీ గుర్తు మీద గెలుస్తారు. చైర్మన్‌ను జనం ఎన్నుకోరు, కౌన్సిలర్లు ఎన్నుకుంటారు, పదవి రీత్యా (ఎక్స్ అఫీషియో) సభ్యులుగా ఎమ్మెల్యే, ఎంపీలు కూడా ఓటేస్తారు. పది వార్డుల చోట ఆ ఒకటి రెండు ఓట్లకు ఎంత బరువుంటుందో 2020 ఫలితాల తర్వాత జరిగిన క్యాంపు రాజకీయాలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. నూరు శాతం ఎస్టీలున్న తండా పంచాయతీ అయితే సర్పంచ్ పదవి వాళ్లకే. అదే తండా మున్సిపాలిటీలో ఏదో ఒక వార్డులో సగమైతే ఆ భరోసా లేదు.

గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టమే చెబుతుంది. ఆ చట్టం వచ్చిన రోజుల్లోనే ఒక్క గ్రామసభ మాట కూడా వినకుండా ఊళ్లను పంచాయతీల జాబితాలోంచి తీసేశారు. మున్సిపాలిటీలో గ్రామసభ ఉండదు. వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్లో పదిహేను మంది అని 2019 చట్టంలో ఉంది. మీ వార్డు కమిటీలో ఎవరున్నారని విలీన ఊళ్లలో అడిగి చూడండి.

చిన్న చిన్న పనుల సంగతి ఎవరూ పట్టించుకోరు. చావు సర్టిఫికెట్ కోసం ఒకప్పుడు ఊళ్లోనే ఉండే పంచాయతీ ఉద్యోగి కారోబార్‌కు చెబితే సాయంత్రానికి కాగితం కదిలేది. ఇప్పుడు ఆటో ఎక్కి పేటకు పోవాలి, ఆ రోజు కూలి పోతుంది. ఇంటి పన్ను ఆన్‌లైన్‌లో కట్టమంటారు, దానికి మీసేవకు పోవాలి.

2018 ఆగస్టు 1తో సర్పంచుల పదవీకాలం ముగిసింది, మర్నాటి నుంచి విలీనం అమల్లోకి వచ్చింది. పంచాయతీగా మిగిలిన ఊళ్లకు 2019 జనవరిలో ఎన్నికలు జరిగాయి. విలీనమైన ఊళ్లు 2020 జనవరి 22 దాకా ఆగాయి. ఏడాదిన్నర పాటు వాళ్లకు సర్పంచ్ లేడు, కౌన్సిలర్ లేడు, సంతకం ప్రత్యేక అధికారిది. ఆ పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగిస్తే మళ్లీ ఎన్నికలు 2026 ఫిబ్రవరిలో. పంచాయతీలు కూడా 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ దాకా అధికారుల చేతుల్లోనే ఉన్నాయి, అదీ తప్పే. కానీ విలీన ఊళ్లు పుట్టుకతోనే ప్రతినిధి లేకుండా పుట్టాయి.

ప్రభుత్వం మారింది, పద్ధతి మారలేదు. 2024 సెప్టెంబర్‌లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ 51 పంచాయతీలను ఆర్డినెన్స్‌తో మున్సిపాలిటీల్లో కలిపారు. 2025 మొదట్లో దేవరకద్ర, మద్దూరు మున్సిపాలిటీలయ్యాయి. మహబూబ్‌నగర్‌ను కార్పొరేషన్ చేయడానికి దివిటిపల్లి, జైనల్లీపూర్ గ్రామాలను కలిపారు. దివిటిపల్లి ఎందుకో ఊహించడం కష్టం కాదు. 2023 మే నెలలో ఐటీ టవర్ మొదలైందీ, అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగిందీ అక్కడే. ఫ్యాక్టరీ గేటు ముందు భూముల ధర పెరిగింది. గేటు వెనక పొలం కౌలుకు చేసేవాడికి, కరువు పనికి పోయే ఆడమనిషికి ఏం పెరిగిందో ఎవరూ లెక్క తీయలేదు.

ఇంకొకటి చూడాలి. హైదరాబాద్‌లో కలిసిన 27లో తుక్కుగూడ, శంషాబాద్ కూడా ఉన్నాయి. అవీ 2018లో ఊళ్లను కలిపి చేసిన మున్సిపాలిటీలే. అప్పుడు పంచాయతీ పోయి మున్సిపాలిటీ వచ్చింది, అది కాస్త కుదురుకునేలోపు అదీ పోయింది. రెండుసార్లూ ఎవరూ అడగలేదు. పాలమూరు, నల్లగొండ పక్క ఊళ్లు భయపడుతున్నది దీన్ని చూసే.

విలీనం వద్దంటున్న ఊళ్లు అడుగుతున్నవి పెద్ద కోరికలేమీ కావు. షెడ్యూల్‌లో పేరు రాసే ముందు గ్రామసభ పెట్టి ఓటు తీసుకోండి అంటున్నాయి. ఇప్పటికే కలిసిన ఊళ్లలో చేన్లున్న వార్డులకు కరువు పని తిరిగి ఇవ్వండి, లేదా రాష్ట్రం డబ్బుతో అలాంటిదే ఒకటి పెట్టండి అంటున్నాయి. మొదటిదానికి కేంద్రం అనుమతి అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. రెండోదాన్ని రాష్ట్రమే పెట్టాలంటే బడ్జెట్‌లో ఒక పద్దు కావాలి. ఒకసారి షెడ్యూల్‌లోకి ఎక్కిన ఊరు బయటికి రావాలంటే మాత్రం మళ్లీ చట్టాన్ని సవరించాల్సిందే.