పిల్లల్ని మత్తుకు దూరంగా ఉంచడం: పాఠ్యపుస్తకం నుంచి ఇంటిదాకా

టీనేజ్ పిల్లలు మద్యం, డ్రగ్స్ జోలికి పోకుండా చూడాల్సింది ఎవరు అని అడిగితే ఇవాళ ఎవరైనా ముందు అమ్మానాన్నల వైపే చూస్తారు. కానీ ఈ పనిని ఒక పద్ధతి ప్రకారం చేయడం మొదలై దాదాపు నూటనలభై ఏళ్లవుతుంటే, అందులో చాలా భాగం వాళ్ల ప్రస్తావనే లేదు. మొదట పాఠ్యపుస్తకానికి, ఆ తర్వాత యూనిఫాం వేసుకొచ్చిన పోలీసుకు, ఆపైన టీవీ ప్రకటనకు ఈ బాధ్యత అప్పగించారు. మధ్యలో తల్లిదండ్రులు తమంతట తాము రంగంలోకి దిగినా, ఆ ప్రయత్నాలు ఎందుకు ఫలించలేదో లెక్క తీశాకే చూపు పూర్తిగా ఇంటి మీదికి మళ్లింది. ఇంట్లో సరిగ్గా ఏం చేయాలన్న దాని మీద మాత్రం వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

కథ అమెరికాలో మొదలవుతుంది. 1874లో ఏర్పడిన మహిళా మద్య వ్యతిరేక సంఘంలో మేరీ హంట్ అనే మాజీ టీచర్ ఉండేవారు. పెద్దవాళ్లను మార్చడం కష్టం, ఓటు వయసు వచ్చేలోపే పిల్లల్లో మద్యం అంటే భయం నాటాలి అన్నది ఆమె ఆలోచన. 1882లో వెర్మాంట్ రాష్ట్రం బడుల్లో మద్యం చెడుల గురించి బోధించి తీరాలని చట్టం చేసింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అలాంటి చట్టం లేని రాష్ట్రం లేదు. పుస్తకాలకు ఆమె ఆమోదముద్ర కావాల్సి వచ్చేది, ఆ ముద్ర కోసం రచయితలు అతిశయోక్తులు గుప్పించేవారు. 1900 ప్రాంతంలో శాస్త్రవేత్తలు, విద్యావేత్తల బృందం ఒకటి ఆ పుస్తకాలను పరిశీలించి, ఇది సైన్సు కాదు, ప్రచారం అని తేల్చింది. ఆ పుస్తకాలు చదివి పెరిగిన తరమే 1920లో మద్యనిషేధం అమల్లోకి రావడం చూసింది. 1933లో దాన్ని ఎత్తేసిన ఓటర్లలోనూ చాలామంది వాళ్లే.

భయపెట్టే పద్ధతి అంతటితో పోలేదు. 1930ల్లో గంజాయి మీద, 1960ల్లో ఎల్‌ఎస్‌డీ మీద అదే ధోరణిలో ప్రచారం సాగింది. 1960ల చివర డ్రగ్స్ నిజంగానే బడి గేటు దాకా వచ్చేసరికి ప్రభుత్వం కంగారుపడి పుస్తకాలు, ఫిల్ములు, పోస్టర్లు గుట్టలుగా తయారు చేయించింది. ఏ డ్రగ్ ఎలా ఉంటుంది, ఏం చేస్తుంది అని వివరంగా చెప్పే పాఠాలు వచ్చాయి. పిల్లలకు సమాచారం బాగానే ఎక్కింది, కానీ వాడకం తగ్గలేదు. పైగా లేని ఆసక్తిని మనమే పుట్టిస్తున్నామేమో అన్న అనుమానం పైస్థాయిలోనే మొదలైంది. 1973లో అమెరికా ప్రభుత్వం కొత్త డ్రగ్ ప్రచార సామగ్రి తయారీని కొంతకాలం ఆపేసింది. మన పాఠం వల్ల మేలు కంటే కీడు జరుగుతోందేమో అని ఒక ప్రభుత్వం ఆగి ఆలోచించడం మామూలు విషయం కాదు. ఆ తర్వాతి ప్రచారాలను నడిపినవాళ్లకు ఈ ముక్క గుర్తున్నట్టు కనిపించదు.

తల్లిదండ్రులు రంగంలోకి దిగింది 1976 ఆగస్టులో, అట్లాంటా నగర శివారులో. కీత్ షూచర్డ్ అనే ఆమె ఇంట్లో కూతురు పదమూడో పుట్టినరోజు పార్టీ జరుగుతోంది. పెరట్లో చీకట్లో అగ్గి వెలుగులు మినుకుమినుకుమనడం చూసి ఆమెకు, భర్తకు అనుమానం వచ్చింది. పిల్లలంతా వెళ్లాక అర్ధరాత్రి దాటి టార్చిలైట్లు పట్టుకుని గడ్డిలో వెతికితే గంజాయి పీకలు, ఖాళీ మద్యం సీసాలు దొరికాయి. చాలా ఇళ్లలో ఇలాంటి రాత్రి కొట్లాటతో ముగుస్తుంది. షూచర్డ్ మాత్రం ఆ పార్టీకి వచ్చిన పిల్లల తల్లిదండ్రులకు విషయం తెలియజేసి, అందరినీ ఒకచోట కూర్చోబెట్టారు. మా పిల్లాడు అలాంటివాడు కాదని కొందరు కస్సుమన్నారు. మాటలు సాగేకొద్దీ అసలు సంగతి బయటపడింది. ఆ ఇంట్లో ఒప్పుకున్నారు, మీరొక్కరే వద్దంటున్నారు అని ప్రతి పిల్లా పిల్లాడూ తమ ఇంట్లో ఇదే మాట చెబుతున్నారు. పిల్లలకు జట్టు ఉంది, పెద్దవాళ్లకు లేదు. అందుకని వాళ్లూ జట్టు కట్టారు. ఇంటికి చేరాల్సిన సమయం అందరికీ ఒకటే, పెద్దలు లేని పార్టీకి ఎవరూ పంపకూడదు, ఎవరి పిల్లాడి గురించి ఏం తెలిసినా దాచకుండా ఫోన్ చేసుకోవాలి అని మాట్లాడుకున్నారు.

ఈ మొత్తం చరిత్రలో అత్యంత తెలివైన మలుపు ఇదేనని నాకనిపిస్తుంది, ఎందుకంటే దీనికి డబ్బు అక్కర్లేదు, నిపుణులూ అక్కర్లేదు. ఆమె రాసిన చిన్న పుస్తకాన్ని ప్రభుత్వ సంస్థే 1979లో ప్రచురించింది. లక్షల కాపీలు పోయాయి, ఊరూరా తల్లిదండ్రుల సంఘాలు పుట్టాయి. మిషిగన్ యూనివర్సిటీ 1975 నుంచి ఏటా చేస్తున్న సర్వే ప్రకారం, హైస్కూల్ చివరి ఏడాది పిల్లల్లో రోజూ గంజాయి తాగేవాళ్లు 1978లో 10.7 శాతం ఉంటే 1992కి 2 శాతం లోపుకు పడిపోయారు. ఆ ఘనత అంతా తల్లిదండ్రుల సంఘాలదే అనలేం. గంజాయి హాని చేస్తుందన్న నమ్మకం ఆ ఏళ్లలో పిల్లల్లో బాగా పెరిగిందని అదే సర్వే చూపిస్తోంది. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందన్నది వేరే చర్చ.

1980ల్లో ఉద్యమం వైట్‌హౌస్ దాకా వెళ్లి 'వద్దని చెప్పు చాలు' అనే నినాదంగా కుదించుకుపోయింది. 1983లో లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖ, స్థానిక బడులతో కలిసి డేర్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. యూనిఫాంలో ఉన్న పోలీసు వారానికోసారి తరగతికి వచ్చి, మొత్తం 17 పాఠాలు చెప్పేవాడు. పిల్లలకు ఆ పోలీసు నచ్చాడు, టీచర్లకు తమ పని తగ్గింది, తల్లిదండ్రులకు టెన్షన్ తగ్గింది. వాడకం మాత్రం తగ్గలేదు. 1994లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే ప్రభావం నామమాత్రమని తేలింది. 1999లో, పాఠాలు విన్న పదేళ్ల తర్వాత ఆ పిల్లల్నే మళ్లీ పరిశీలిస్తే, విననివాళ్లతో పోల్చి చూసినా తేడా కనిపించలేదు. అయినా చాలా బడులు ఏళ్ల తరబడి దాన్ని వదల్లేదు. అందరికీ మంచి పని చేస్తున్నామన్న తృప్తినిచ్చే కార్యక్రమాన్ని ఆపడం అంత సులువు కాదు.

టీవీ ప్రకటనల కథా అంతే. 1998లో అమెరికా ప్రభుత్వం మొదలుపెట్టిన ప్రచారానికి 2004 నాటికి సుమారు వంద కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ప్రకటనలు చూసిన పిల్లలు గంజాయికి దూరమైన దాఖలా లేదు. కొన్ని లెక్కల్లో ఎక్కువ చూసినవాళ్లే కాస్త మొగ్గు చూపారు. ఇన్ని ప్రకటనలు వేస్తున్నారంటే అందరూ తాగుతున్నట్టే కదా అని పిల్లలు అర్థం చేసుకుని ఉంటారని పరిశోధకులు అనుమానించారు.

ఈలోగా పరిశోధన ఇంకో దారిలో సాగింది. డయానా బామ్రిండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల నుంచే తల్లిదండ్రుల తీరును గమనిస్తూ వచ్చారు. కేవలం గద్దించేవాళ్లు, పూర్తిగా వదిలేసేవాళ్లు, ప్రేమగా ఉంటూనే గట్టి హద్దులు పెట్టేవాళ్లు అని విడదీసి చూశారు. మూడో రకం ఇళ్లలో పిల్లలకు మత్తు సమస్యలు తక్కువని తర్వాతి అధ్యయనాలు చెబుతూ వచ్చాయి. పిల్లలు ఎక్కడున్నారో, ఎవరితో ఉన్నారో తెలిసిన తల్లిదండ్రుల పిల్లలు మత్తు జోలికి తక్కువగా పోతారని కూడా తేలింది. దాన్ని బట్టి వచ్చిన సలహా ఒక్కటే, కనిపెట్టుకుని ఉండండి.

2000లో స్వీడన్‌లో పనిచేస్తున్న హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ ఇక్కడే ఒక మెలిక పట్టుకున్నారు. పాత సర్వేలన్నీ 'మీ పిల్లాడు ఎక్కడున్నాడో మీకు తెలుసా' అని అడిగి, తెలుసన్నవాళ్లను కనిపెట్టుకుని ఉండేవాళ్ల ఖాతాలో వేశాయి. ఎలా తెలిసింది అని ఎవరూ అడగలేదు. వీళ్లు పద్నాలుగేళ్ల పిల్లల్ని, వాళ్ల తల్లిదండ్రుల్ని ఆ ప్రశ్న అడిగారు. ఆరా తీస్తే తెలిసిందా, కట్టడి చేస్తే తెలిసిందా, పిల్లలే చెప్పారా? తల్లిదండ్రులకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం పిల్లలు తమంతట తాము చెప్పిందే. దాంతో అప్పటిదాకా నిఘా ఖాతాలో రాసుకున్న ఫలితాలన్నీ మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. నియమాలకు, అడగడానికి విలువే లేదనడం అతి అని తర్వాత కొందరు పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. అదీ సబబే. కానీ పిల్లలు ఎందుకు చెబుతారు, ఏ ప్రతిస్పందన చూశాక చెప్పడం మానేస్తారు అన్న ప్రశ్న అసలు పుట్టింది అప్పుడే.

ఇంట్లో మన కళ్ల ముందే ఓ గుక్క ఇస్తే బయట అతిగా తాగరన్న నమ్మకానికీ ఇలాంటి పరీక్షే ఎదురైంది. ఆస్ట్రేలియాలో 1,900 మందికి పైగా టీనేజర్లను ఆరేళ్లు అనుసరించిన అధ్యయనం 2018లో వెలువడింది. తల్లిదండ్రులే మద్యం ఇచ్చిన పిల్లలకు దానివల్ల రక్షణ ఏమీ కనిపించలేదు. పైగా అతిగా తాగడం, తాగుడు వల్ల హాని వాళ్లలో ఎక్కువగా కనిపించాయి. ఇవ్వని ఇళ్లకు, ఇచ్చిన ఇళ్లకు ఇంకా ఎన్నో తేడాలు ఉండొచ్చు గానీ, 'అలవాటు చేస్తే అదుపు వస్తుంది' అనడానికి మాత్రం ఆధారం దొరకలేదు.

దేశం మొత్తం ఈ పాఠాలను ఆచరణలో పెట్టిన ఉదాహరణ ఐస్‌లాండ్. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడచిన నెలలో ఒక్కసారైనా మత్తెక్కేలా తాగామన్నారు. 2016కి అది 5 శాతానికి దిగింది. అక్కడ పిల్లల మీద ప్రచారం కుమ్మరించలేదు, వాళ్ల చుట్టూ ఉన్న పరిస్థితిని మార్చారు. ఏటా సర్వే చేసి ఏ బడి ఫలితం ఆ బడి తల్లిదండ్రుల ముందే పెట్టారు. పన్నెండేళ్లలోపు పిల్లలు చలికాలంలో రాత్రి ఎనిమిది తర్వాత, 13 నుంచి 16 ఏళ్లవాళ్లు పది తర్వాత పెద్దలు లేకుండా బయట తిరగకూడదన్న నియమాన్ని గట్టిగా అమలు చేశారు. ఆటలకు, సంగీతానికి ప్రభుత్వం డబ్బు సాయం చేసింది. తల్లిదండ్రులు ఒప్పందాల మీద సంతకాలు చేశారు, వారాంతపు రాత్రుల్లో వంతులవారీగా వీధుల్లో నడిచారు. అట్లాంటా ఇళ్లలో కుదిరిన మాటే ఇక్కడ దేశవ్యాప్తంగా అమలైంది. జనాభా నాలుగు లక్షలు కూడా దాటని దేశం, అదే కాలంలో యూరప్‌లో చాలాచోట్ల టీనేజ్ తాగుడు తగ్గింది కూడా. కాబట్టి ఈ నమూనా ప్రతిచోటా ఇలాగే పనిచేస్తుందని చెప్పలేం. అమెరికాలోని అయోవా పల్లెల్లో మంచి ఫలితమిచ్చిన ఏడు వారాల కుటుంబ శిక్షణ కూడా వేల్స్, స్వీడన్, పోలండ్‌లకు వెళ్లేసరికి అదే ప్రభావం చూపలేదు.

ఇప్పుడు పెద్దగా వాసన రాని వేప్ (ఈ-సిగరెట్) జేబులో ఇమిడిపోతోంది. మాత్రలు సోషల్ మీడియాలో దొరుకుతున్నాయి. ఉత్తర అమెరికాలో ఫెంటానిల్ అనే అతి శక్తిమంతమైన మత్తుమందు కలిసిన నకిలీ మాత్ర ఒక్కటే ప్రాణం తీస్తోంది. దీనికి మార్కెట్ ఇచ్చిన జవాబు ఫోన్‌లో లొకేషన్ చూపించే యాప్‌లు, ఇంట్లోనే చేసుకునే మూత్ర పరీక్ష కిట్లు. పిల్లాడు ఎక్కడున్నాడో యాప్ చెబుతుంది, అక్కడ ఏం జరుగుతోందో పిల్లాడే చెప్పాలి.

అందుకే నలభై ఏళ్ల కిందటి ఒక కాగితాన్ని ఇప్పుడు మళ్లీ చదవాలి. 1981లో మసాచుసెట్స్‌లోని ఒక హైస్కూల్లో, తాగి కారు నడిపి విద్యార్థులు చనిపోయాక, తల్లిదండ్రులు, పిల్లలు కలిసి సంతకం చేసే ఒప్పంద పత్రం పుట్టింది. తాను తాగినా, కారు నడపాల్సినవాళ్లు తాగినా పిల్లలు ఇంటికి ఫోన్ చేస్తారు. ఎంత రాత్రయినా, ఎక్కడున్నా తల్లిదండ్రులు వచ్చి తీసుకెళతారు, లేదా టాక్సీ డబ్బులు ఇస్తారు. ఆ రాత్రి ప్రశ్నలూ వాదనలూ ఉండవు. ఇది తాగమని లైసెన్సు ఇచ్చినట్టేనని అప్పట్లో విమర్శలొచ్చాయి. పిల్లలు తాగినా ఫర్వాలేదని ఆ పత్రంలో ఎక్కడా లేదు. ఆ సంగతి తర్వాత, ఇద్దరూ కుదుటపడ్డాక మాట్లాడుకోవాలని మాత్రం ఉంది.