కాళ్లు లేని వేటగాడు

ఆసుపత్రి గదుల్లో బ్యాక్టీరియాను చంపడానికి వైరస్‌లను చల్లి చూశారని చెబితే, "వైరస్‌లు పోవాలనే కదండీ ఆసుపత్రి తుడిచేది, మళ్లీ వైరస్‌లనే చల్లడమేంటి?" అని ఒక పాఠకురాలు అడిగారు. తప్పు ఆమెది కాదు. బడిలో మనం వైరస్ అనగానే పోలియో, ఎయిడ్స్ చెప్పి పాఠం ముగిస్తాం. బ్యాక్టీరియాను మాత్రమే పట్టి చంపే వైరస్‌లు కూడా ఉన్నాయి. 1917లో ఫెలిక్స్ డెరెల్ అనే శాస్త్రవేత్త వాటికి బ్యాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టాడు, పొట్టిగా ఫేజ్. మన కణాలతో వాటికి పనే లేదు.

అవి ఎలా చంపుతాయన్నది చాలామంది చెప్పారు. నన్ను పట్టేసిన ప్రశ్న వేరు: ఎలా వెతుక్కుంటాయి? ఫేజ్‌కు తోక ఉన్నా అది ఈదడానికి పనికిరాదు. నీటి అణువులు ఎటు నెడితే అటు పోతుంది. తడి ఆరితే పడినచోటే ఉండిపోతుంది.

ఐసీయూ మంచానికి పక్కనుండే మీటరు పొడవు కమ్మీని ఊహించుకోండి. 200 నానోమీటర్ల ఫేజ్‌ను 5 మిల్లీమీటర్ల చీమంత చేస్తే బ్యాక్టీరియా నిమ్మకాయంత, ఆ కమ్మీ 25 కిలోమీటర్లంత అవుతాయి. అంత దూరంలో కాళ్లు లేని చీమ నిమ్మకాయను చేరాలి!

అందుకే లెక్కంతా సాంద్రతలో ఉంది. మిల్లీలీటరుకు 1 కోటి ఫేజ్‌లున్న ద్రవాన్ని 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో వందో వంతు) పొరగా పూస్తే చదరపు సెంటీమీటరుకు 10 వేలు పడతాయి. పక్కపక్క ఫేజ్‌ల మధ్య ఎడం 0.1 మిల్లీమీటరు, మన చీమ కొలతలో రెండున్నర మీటర్లు. 100 కోట్లు వేస్తే ఎడం జానెడు. గమ్యం లేని కదలికలో దూరం పదో వంతైతే పట్టే సమయం వందో వంతు అవుతుంది. నిమిషాలు పట్టేది సెకన్లలో అయిపోతుంది. ఏసీ గాలికి పొర ఆరేలోపే కలయిక జరగాలి కాబట్టి ఈ తేడాయే ప్రాణం. పైగా ఎండి నిద్రాణంగా ఉన్న బ్యాక్టీరియాలో ఫేజ్ పిల్లలు పెట్టడం కష్టం. సంఖ్య తర్వాత పెరుగుతుందిలే అనుకోకుండా మొదటే సరిపడా వేయాలి.

తైవాన్‌లో ఒక ఆసుపత్రి ఐసీయూల్లో, మామూలుగా శుభ్రం చేశాక, మందులకు లొంగని అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా మీద పనిచేసే ఫేజ్‌లను పొగమంచులా చల్లారు. ఆ బ్యాక్టీరియా కొత్తగా సోకిన కేసులు ప్రతి 1000 రోగి-రోజులకు (ఒక రోగి ఒక రోజు ఉంటే ఒక రోగి-రోజు) 8.57 నుంచి 5.11కు తగ్గాయని 2016లో ప్రచురించారు. ఫినాయిల్ వాసన వస్తే చాలు, గది శుభ్రమైనట్టే అనుకుంటాం మనం. ఈ మంచుకు ఆ ఘాటు ఉండదు.

ఒక్కో ఫేజ్ కొన్ని రకాల బ్యాక్టీరియానే పట్టగలదు. కాబట్టి వార్డులో ఏది తిరుగుతోందో ముందు ల్యాబ్‌లో తేల్చుకోవాలి. ఇటలీలోని ఫెరారా విశ్వవిద్యాలయం వాళ్లకు ఆ పరిమితే కలిసొచ్చింది. హానిచేయని బాసిల్లస్ అనే బ్యాక్టీరియా బీజాలున్న తుడిచే ద్రవంలోనే వాళ్లు ఫేజ్‌లను కలిపారు. ఫేజ్‌లు తమ శత్రువును పడితే, ఖాళీ అయిన చోటును బాసిల్లస్ ఆక్రమిస్తుంది. బాసిల్లస్‌ను ఆ ఫేజ్‌లు ముట్టుకోవు.