గొంతును అంకెలుగా దాచడం: పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

మీ గొంతును మైక్రోకంట్రోలర్‌తో (ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటర్‌తో) రికార్డు చేసి తిరిగి వినాలనుకుంటున్నారు కదా. ఈ పని మొదలుపెట్టే వాళ్లు ముందుగా బిట్ల సంఖ్య గురించి ఆలోచిస్తారు. నేను మాత్రం టైమింగ్ ముందు చూసుకోమంటాను. శాంపిల్‌కి, అంటే ఒక్కో క్షణంలో గొంతు అలను కొలిచిన అంకెకి, 8 బిట్లే ఉన్నా మాట తెలుస్తుంది. శాంపిళ్ల మధ్య ఎడం ఒకే తీరుగా లేకపోతే మాత్రం గొంతు గరగరలాడుతుంది.

ఆర్డుయినో ఊనో ఆర్3 బోర్డు తీసుకోండి. దాని ర్యామ్ 2 కిలోబైట్లే. మాటకు సెకనుకు 8,000 శాంపిళ్లు చాలు, అంటే 125 మైక్రోసెకన్లకు ఒకటి. శాంపిల్‌కి ఒక బైటు లెక్కన, ర్యామ్ అంతా వాడేసినా పావు సెకను మాటే పడుతుంది. అందుకే ఎస్‌డీ కార్డు కావాలి. కార్డు 3.3 వోల్టులది, కాబట్టి బోర్డు 5 వోల్టుల సంకేతాలను 3.3కి దించే లెవెల్ షిఫ్టర్ ఉన్న మాడ్యూలే కొనండి.

మైక్‌కి మాక్స్4466 మాడ్యూల్ బాగుంటుంది. 5 వోల్టులిస్తే, నిశ్శబ్దంలో దాని అవుట్‌పుట్ 2.5 వోల్టుల దగ్గర నిలుస్తుంది. 8 బిట్లలో అది 128. రికార్డు చేసేముందు సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపేది కంప్యూటర్ తెరపై చూపే కిటికీలో) అంకెలు చూడండి: 127, 128, 129 అంటూ ఆ చుట్టుపక్కలే ఆడాలి. మామూలుగా మాట్లాడినా 0కీ 255కీ తగులుతుంటే గెయిన్ (మైక్ సంకేతాన్ని పెంచే మోతాదు) ఎక్కువైనట్టే, మాడ్యూల్ మీది చిన్న స్క్రూ తిప్పి తగ్గించండి. అల కొనలు అక్కడే తెగిపోతే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వాటిని తిరిగి తేలేదు.

మైక్‌కీ, వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీకీ మధ్య 1 కిలోఓమ్ రెసిస్టర్, ఏడీసీ వైపు నుంచి గ్రౌండ్‌కి 47 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. దాదాపు 3.4 కిలోహెర్ట్జ్ నుంచి పై శబ్దాలు తగ్గుతాయి. ఇది లేకపోతే 5 కిలోహెర్ట్జ్ ఈల రికార్డులో 3 కిలోహెర్ట్జ్ ఈలగా మారి కూర్చుంటుంది.

ఇక అసలు సంగతి. లూప్‌లో అనలాగ్‌రీడ్ (ఏడీసీతో కొలిపించే ఆజ్ఞ) పిలిస్తే ఒక్కోసారికి 110 మైక్రోసెకన్ల దాకా పడుతుంది. దానికి కార్డులో రాయడం కూడా తోడైతే లయ తప్పినట్టే. కాబట్టి చిప్‌లోనే ఉండే లెక్కింపు గడియారం టైమర్1నే ఏడీసీని మొదలుపెట్టనివ్వండి: బోర్డు గడియార వేగం 16 మెగాహెర్ట్జ్‌ను 8,000తో భాగిస్తే 2,000, లెక్క 0 నుంచి మొదలు కాబట్టి టైమర్ రిజిస్టర్‌లో వేసేది 1,999. ఏడీసీ ఇంటరప్ట్‌లో (కొలత పూర్తవగానే దానంతటదే నడిచే కోడ్‌లో) బైటును బఫర్‌లో, అంటే ర్యామ్‌లోని తాత్కాలిక చోటులో పెట్టి, టైమర్ ఫ్లాగ్‌ను (సమయమైందని చెప్పే గుర్తును) మీరే చెరిపేయండి. అది మరిచిపోతే మొదటి శాంపిల్ వచ్చి అంతటితో ఆగిపోతుంది. చాలామంది తప్పంతా మైక్‌దే అనుకునేది ఇక్కడే.

512 బైట్ల బఫర్లు రెండు పెట్టండి. ఒకటి నిండుతుండగా రెండోది కార్డుకి వెళ్లాలి. ఒక్కో బఫర్‌కి మీకు దొరికే గడువు 64 మిల్లీసెకన్లు. కార్డు అప్పుడప్పుడూ 100 మిల్లీసెకన్లు దాటి ఆలస్యం చేస్తుంది. అప్పుడు కొన్ని శాంపిళ్లు పోయి, విన్నప్పుడు 'టప్' మంటుంది, మాట ముందుకు దూకుతుంది. ఫైలుకి చోటు ముందే ఒకే వరుసలో కేటాయిస్తే ఈ బెడద చాలావరకు పోతుంది. వేవ్ ఫైలు మొదట్లో దాని వివరాలుండే హెడర్ 44 బైట్లు, కాబట్టి మొదటి బఫర్‌ను 44వ స్థానం నుంచి నింపండి, ఆ తర్వాత ప్రతి రాతా 512కి సరిపోతుంది. చివర్లో హెడర్‌లో 4వ, 40వ స్థానాల దగ్గర పరిమాణాలు రాయకపోతే ప్లేయర్ ఫైలును ఖాళీ అనుకుంటుంది.

వినిపించడానికి టైమర్2 పీడబ్ల్యూఎం (పిన్‌ను వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ సగటు వోల్టేజీని మార్చే పద్ధతి) వాడండి, 62.5 కిలోహెర్ట్జ్‌తో. పిన్ 11 వద్దు, అది కార్డుకి కావాలి. పిన్ 3 తీసుకోండి. ప్రతి 125 మైక్రోసెకన్లకు ఒక బైటు అందించండి. పిన్ నుంచి అదే ఫిల్టర్, తర్వాత 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఆపై చిన్న యాంప్లిఫైయర్. 8 ఓమ్‌ల స్పీకర్‌ను పిన్‌కి నేరుగా తగిలించకండి: అది 600 మిల్లీయాంప్స్ పైన అడుగుతుంది, పిన్ గరిష్ఠ హద్దు 40. మొదట్లో వచ్చే 'ధబ్' చప్పుడు పోవాలంటే, విలువను 0 నుంచి 128కి మెల్లగా ఎక్కించి అప్పుడు మాట మొదలుపెట్టండి.

మీ తాతయ్య