తిప్పితే పవర్ మారే కళ్లజోడు వెనక కథ

నలభై దాటాక సూదిలోకి దారం ఎక్కదు. బియ్యంలో రాళ్లు కనపడవు. పేపర్‌ని చెయ్యి చాపి దూరంగా పట్టుకుంటే తప్ప అక్షరాలు కుదురుకోవు. దీన్ని మనం చత్వారం అంటాం. సంస్కృతంలో నలభైని చెప్పే చత్వారింశత్‌ను గుర్తుచేసే మాట ఇది.

కారణం కంట్లోని కటకమే. అది గాజులా గట్టిది కాదు, మెత్తనిది. దగ్గరి వస్తువును చూసినప్పుడు చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, కటకాన్ని లాగిపట్టిన సన్నని పోగులు వదులవుతాయి, కటకం ఉబ్బుతుంది. వయసుతో అది బిరుసెక్కి ఉబ్బడం మానేస్తుంది.

ఈ సంగతి తేలడానికి చాలా కాలం పట్టింది. చూపు సర్దుకునేటప్పుడు మారేది కంటి ముందు పొరా, కనుగుడ్డు పొడవా, లోపలి కటకమా అని వాదనలు నడిచేవి. ఇంగ్లండ్‌లో శాస్త్రవేత్త థామస్ యంగ్ తన కంటి మీదే ప్రయోగం చేశాడు. నీళ్లు నింపిన చిన్న గొట్టాన్ని కంటికి ఆనించి ముందు పొర ప్రభావాన్ని తీసేశాడు. అయినా చూపు సర్దుకుంటూనే ఉంది. మారేది కటకమేనని 1801లో రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘం పత్రికలో రాశాడు. కండరం, పోగులు ఎలా పనిచేస్తాయో 1855లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ వివరించాడు.

కంట్లో మెత్తని కటకం ఉన్నా, కళ్లజోడులో మాత్రం గట్టి అద్దమే మిగిలింది. అద్దానికి ఒకటే పవర్. అది ఎంతుండాలో కొలిచి చెప్పే మనిషి కావాలి. నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. పేద దేశాల్లో అద్దాల కంటే కొలిచే మనుషుల కొరత ఎక్కువ.

1985లో ఆక్స్‌ఫర్డ్ భౌతికశాస్త్రవేత్త జాషువా సిల్వర్ ఈ ముడి విప్పాలనుకున్నాడు. రెండు పల్చని పొరల మధ్య సిలికోన్ నూనె. పక్కన తిప్పే మర ఉన్న చిన్న సిరంజి. నూనె ఎక్కిస్తే పొర ఉబ్బుతుంది, తీస్తే లోపలికి వంగుతుంది. స్పష్టంగా కనపడేదాకా మనిషే తిప్పుకోవచ్చు. మొదట్లో ఘనాలో పెట్టి చూసినవాళ్లలో ఒక దర్జీ ఉన్నాడు. సూది కనపడక కుట్టుపని మానేసిన ఆయన, జోడు పెట్టుకోగానే దారం ఎక్కించి మిషన్ తొక్కాడు. చదివిన ప్రతిసారీ నా మనసు నిండే ఘట్టం ఇది. చైనా పల్లెల్లో ఎక్కువమంది పిల్లలు ఇలా తమ చూపును తామే బాగా సరిదిద్దుకోగలిగారని 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది.

లోపాలూ ఉన్నాయి. జోడు లావుగా, గుండ్రంగా ఉండేది. మామూలు రెడీమేడ్ జోడు కంటే ఖరీదు ఎక్కువ. కంటి వంపు అన్ని వైపులా సమానంగా లేక చూపు మసకబారే ఆస్టిగ్మాటిజంని సరిచేయలేదు. కంటి నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా లాంటి జబ్బును పట్టుకోవాలంటే డాక్టర్ పరీక్ష తప్పదు.

ఇదే ఆలోచన కెమెరాల్లోకి వేరే దారిలో వెళ్లింది. నూనె, నీటి మధ్య అంచు కరెంటుతో ఆకారం మార్చుకునే ద్రవ కటకాన్ని ఫ్రాన్స్‌లోని వారియోప్టిక్ కంపెనీ తయారుచేసింది. 2021లో షావోమీ ఒక ఫోన్‌లో ద్రవ కటకం పెట్టింది.

చత్వారానికి జోడు అందని వాళ్లు ప్రపంచంలో 82.6 కోట్ల మంది అని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది. అస్సాంలో నలభై, ఆపై వయసున్న టీ ఆకు కోసేవాళ్లకు మామూలు రీడింగ్ గ్లాసులు ఇచ్చి చూశారు. జోడు లేనివాళ్లతో పోలిస్తే వాళ్లు కోసే ఆకు 21.7 శాతం ఎక్కువగా పెరిగింది. 2018లో ఈ ఫలితం అచ్చయింది.