"మా ట్యాంకు ఇంతవరకూ నిండలేదండీ": సెప్టిక్ ట్యాంకులు, నూతుల గురించి అపోహలు - వాస్తవాలు

విశాఖలో మధురవాడ, పెందుర్తి వైపు కాలనీల్లో ఇళ్ల డ్రైనేజీ చూడ్డానికి వెళ్తే ఓనర్లు గర్వంగా చెప్పే మాట ఒకటుంది: "పదిహేనేళ్లయింది, ఒక్కసారీ తీయించలేదు." ఆ మాట వినగానే నా చూపు పక్కనున్న నూతి మీదికి పోతుంది.

అపోహ: ట్యాంకు నిండితేనే తీయించాలి

సెప్టిక్ ట్యాంకు వాడకం మొదలైన కొద్ది రోజులకే నిండుతుంది, ఆ తర్వాత ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. లోపలికి ఎంత నీరొస్తే అంత నీరు అవతలి పైపులోంచి సోక్ పిట్‌కి, అంటే ఆ నీటిని మట్టిలోకి ఇంకించే గుంటకి పోతుంది. ట్యాంకు పని మడ్డిని ఆపడం. బరువైనదంతా అడుక్కి దిగుతుంది, జిడ్డు పైన తెట్టు కడుతుంది, మధ్యలో ఉన్న నీరే బయటికి వెళ్లాలి. ఏళ్ల తరబడి వదిలేస్తే ఆ మధ్య జాగా ఇరుకైపోయి, నీటితో పాటు మడ్డి కూడా సోక్ పిట్‌లోకి కొట్టుకుపోతుంది, చుట్టూ మట్టిని పూడ్చేస్తుంది. ట్యాంకర్‌తో మడ్డి లాగించడం ఒక పూట పని. పూడుకుపోయిన పిట్‌కి మాత్రం మళ్లీ తవ్వకమే.

రెండు మూడేళ్లకోసారి తీయించాలన్నది మామూలు లెక్క. అనుమానముంటే పొడవాటి కర్రకి పాత తెల్ల తువ్వాలు చుట్టి కట్టి, అడుగు తగిలేదాకా దించి, కాసేపుంచి మెల్లగా పైకి లాగండి. మడ్డి ఉన్నంత మేరా గుడ్డ నల్లబడుతుంది. నీటి లోతులో మూడో వంతు నల్లగా ఉంటే ఇంక ఆగొద్దు. చూసేటప్పుడు మూత మీదికి ముఖం వంచకండి. లోపల మీథేన్ ఉంటుంది కాబట్టి సిగరెట్, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకండి.

అపోహ: ఈస్టో, పేడో, బెల్లమో వేస్తే తీయించక్కర్లేదు

కావలసిన బ్యాక్టీరియా మలంతోనే వస్తుంది. ఏ పొడి వేసినా అడుగున మిగిలే మడ్డిని ట్యాంకరే లాగాలి.

అపోహ: మూత తీసి కాసేపుంచితే గ్యాస్ పోతుంది, మనిషి దిగొచ్చు

ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. మడ్డిలో చిక్కుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ కదిలించగానే గుప్పున బయటికొస్తుంది. "వాసన వస్తే తెలుస్తుంది కదా" అంటారు. మోతాదు పెరిగితే ముందు మొద్దుబారేది ముక్కే, వాసన తెలియడం ఆగిపోతుంది. పడిపోయినవాణ్ణి తీయడానికి దిగిన రెండోవాడూ పోయేది ఇందుకే. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం. మురుగు పనిలో జరిగే మరణాలకు పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు 30 లక్షల రూపాయలకు పెంచింది. పైపుతో లాగే ట్యాంకర్‌నే పిలవండి.

అపోహ: నూతి నీరు తేటగా ఉంది, మరిగించి తాగుతున్నాం, టెన్షన్ లేదు

మన ప్రమాణాల ప్రకారం సోక్ పిట్‌కీ తాగునీటి నూతికీ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగులు ఉండాలి. 200 గజాల స్థలంలో అంత దూరం ఎక్కణ్ణుంచి తెస్తాం? తెచ్చినా, పక్కింటివాళ్ల పిట్ మన ప్రహరీకి ఆనుకునే ఉంటుంది. పైగా విశాఖ కొండల ఖొండలైట్ రాయి పైన శిథిలమై మెత్తగా, కింద పగుళ్లతో ఉంటుంది. ఆ పగుళ్లు దొరికితే మురుగు సరిగా వడపోత జరక్కుండానే దూరం పోతుంది. కాబట్టి లోతైన బోరు కూడా భరోసా కాదు. కేసింగ్ (బోరు గోడకి దించే గొట్టం) గట్టిరాయి దాకా దిగిందా, దాని చుట్టూ సిమెంటు పడిందా అని మేస్త్రీని అడగండి. సముద్రానికి దగ్గరగా బోరును అదేపనిగా తోడితే ఉప్పునీరు కూడా లోపలికి రావచ్చు.

తాగేనీటిలో 100 మిల్లీలీటర్లకి ఒక్క ఈ.కోలై (మలంతో వచ్చే బ్యాక్టీరియా) కూడా ఉండకూడదు. నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే పసిపిల్లల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గుతుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. అందుకే ఇరుకు స్థలాల వాళ్లకి నేను చెప్పేది ఒకటే: నూతి నీరు బట్టలకీ మొక్కలకీ వాడండి, తాగడానికి కుళాయి నీరు పట్టుకోండి. వేరే దారి లేకపోతే ల్యాబ్‌లో పరీక్ష చేయించాకే తాగండి, వానాకాలం తర్వాత మళ్లీ చేయించండి.

అపోహ: నూతిలో నెలకో గుప్పెడు బ్లీచింగ్ జల్లితే సరి

గుప్పెడు లెక్క కాదు. మంచి బ్లీచింగ్ పౌడర్ వెయ్యి లీటర్లకి 2.5 గ్రాములు పడుతుంది. నాలుగడుగుల ఒరల నూతిలో పదడుగుల నీరుంటే అది సుమారు 3,500 లీటర్లు, తొమ్మిది గ్రాములు చాలు. పౌడర్‌ని బకెట్‌లో కొంచెం నీళ్లతో ముద్దగా కలిపి, తర్వాత నీళ్లు పోసి, పది నిమిషాలు సున్నం అడుక్కి దిగనివ్వండి. పైన తేరిన నీటిని ఇంకో బకెట్‌లోకి వంచుకొని నూతిలో దించి, చేదతో పైకీ కిందికీ కలియబెట్టండి. కనీసం గంట దాకా తోడొద్దు. తుపాను నీరు గట్టు మీదుగా నూతిలో పడితే ముందు తోడించి, తర్వాతే ఇది చేయాలి. అయితే బస్తా విప్పి నెలలు గడిచిన పౌడర్‌లో క్లోరిన్ పోయి సున్నమే మిగులుతుంది. ఘాటు రాకపోతే కొత్తది కొనండి.