పిల్లల ఈఎన్‌టీ ఫెలోషిప్: పక్కన నిలబడి చూస్తే పని రాదు

ఎంఎస్ ఈఎన్‌టీ (చెవి, ముక్కు, గొంతు సర్జరీ పీజీ) ఫైనల్ పరీక్షలు అయిపోయిన దగ్గర్నుంచి నాకు ఒకే రకం మెసేజ్‌లు వస్తుంటాయి. "మేడం, ఫారిన్‌లో పెద్ద పిల్లల ఆసుపత్రిలో మూడు నెలల అబ్జర్వర్‌షిప్ దొరికింది. ఫీజు కడితే లెటర్ ఇస్తారట. తిరిగొచ్చాక పీడియాట్రిక్ ఈఎన్‌టీ ఫెలో అని పెట్టుకోవచ్చు కదా?" ఈ మధ్య ఒక జూనియర్ వాళ్ల నాన్నగారే ఫోన్ చేశారు. ఏజెంటు అడిగిన డబ్బు కోసం షాద్‌నగర్ దగ్గర ప్లాటు అమ్మకానికి పెట్టారట. ఆయన డాక్టరు కాదు. కానీ అడగాల్సిన మాట ఆయనే అడిగారు: "డబ్బు పోతే పోయింది డాక్టరమ్మా, వచ్చాక మావాడికి పని వస్తుందా?"

రాదండీ. అంత పెద్దాయనకు ఫోన్లో ఆ మాట చెప్పడం కష్టమైంది, అయినా చెప్పాను. ఇలాంటి వాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఫెలోషిప్ అంటే పీజీ అయ్యాక ఒకే విభాగంలో, ఇక్కడ పిల్లల ఈఎన్‌టీలో, చేసే ప్రత్యేక శిక్షణ.

అపోహ: మంచి ఆసుపత్రిలో కొన్నాళ్లు చూసొస్తే ఫెలోషిప్ చేసినట్టే

అబ్జర్వర్‌షిప్ అంటే చూడటం. ఆ దేశంలో లైసెన్స్ లేకుండా, విజిటర్ వీసా మీద వెళ్లిన డాక్టరు అక్కడి రోగిని ముట్టుకోవడానికి వీల్లేదు. స్క్రబ్ అవ్వరు (చేతులు కడుక్కుని సర్జరీలో చేరరు), కేసు షీట్‌లో రాయరు, రాత్రి డ్యూటీ ఉండదు. ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) ఒక మూల నిలబడి మానిటర్ మీద చూస్తారు. అలా చూడటం తప్పని నేననను. కొత్త పద్ధతులు తెలుస్తాయి, ఒక పెద్ద విభాగం ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. ఆ పని కోసం, ఆ పేరుతోనే వెళ్లండి. దానికి ఫెలోషిప్ అని పేరు పెట్టుకుని వచ్చి, ఆ ధైర్యంతో రెండేళ్ల బిడ్డ శ్వాసనాళంలో బ్రాంకోస్కోప్ (లోపల చూస్తూ పనిచేసే గొట్టం) దించితేనే ప్రమాదం.

ఎందుకో ఒక్క కేసు పట్టుకుని చెబుతాను. అనంతపురం వైపు నుంచి మాకు వచ్చే పిల్లల్లో శెనక్కాయ గింజ ఊపిరితిత్తుల దారిలోకి పోయిన కేసులు తరచూ ఉంటాయి. అక్కడ ఇంటింటా శెనక్కాయలే. ఏడాది దాటి మూడేళ్లలోపు పిల్లలకు నమిలే దంతాలు పూర్తిగా రావు. నోట్లో గింజ పెట్టుకుని పరిగెడతారు, నవ్వుతారు, ఏడుస్తారు. ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై దగ్గుతారు. తర్వాత దగ్గు తగ్గినట్టే ఉంటుంది. అలా ఒక పాపను, ఆస్తమా అనుకుని రెండు వారాలు నెబులైజర్లు పెట్టించి, చివరికి మా దగ్గరకు తెచ్చారు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని వాళ్లమ్మ పదేపదే చెప్పింది. గింజ ఎక్స్‌రేలో కనబడదు. దాని వల్ల గాలి ఇరుక్కుని ఒక పక్క ఊపిరితిత్తి ఉబ్బి ఉండటమో, ముడుచుకుపోయి ఉండటమో కనబడుతుంది. అదీ ప్రతిసారీ కాదు. ఉక్కిరిబిక్కిరైన సంగతి తల్లి చెబితే, ఎక్స్‌రే నార్మల్‌గా ఉన్నా స్కోప్ వేసి చూడాల్సిందే.

ఇప్పుడు ఆ స్కోప్ వేయడం సంగతి. మానిటర్ మీద చూస్తే పది నిమిషాల పని. స్కోప్ వెళ్తుంది, ఫోర్సెప్స్ (పట్టుకారు) వెళ్తుంది, గింజ బయటికి వస్తుంది. మూల నిలబడ్డవాళ్లకు కనబడేది అంతే. మత్తు డాక్టరూ నేనూ ఒకే దారి పంచుకుంటున్నామన్నది వాళ్లకు కనబడదు. బిడ్డకు ఆక్సిజన్ అందేది కూడా నా చేతిలో ఉన్న బ్రాంకోస్కోప్ పక్క గొట్టం గుండానే. చిన్నపిల్లలు కిలో బరువుకు పెద్దవాళ్ల కంటే దాదాపు రెట్టింపు ఆక్సిజన్ వాడుకుంటారు. ఊపిరి ఆగితే సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడిపోవడానికి ఎంతో సేపు పట్టదు. పాతబడిన గింజ ఉబ్బి మెత్తబడి ఉంటుంది, గట్టిగా నొక్కితే ముక్కలై ఇంకా లోతుకు పోతుంది. గింజ స్కోప్ లోపల పట్టదు కాబట్టి స్కోపు, ఫోర్సెప్స్, గింజ మూడూ కలిసి ఒకేసారి బయటికి రావాలి. స్వరపేటిక దగ్గర ఇరుకులో గింజ జారిపోయే అవకాశం ఎక్కువ. జారి శ్వాసనాళంలో అడ్డం పడితే, అప్పటిదాకా ఒక ఊపిరితిత్తితోనైనా ఊపిరి తీసుకుంటున్న బిడ్డకు రెండు దారులూ మూసుకుపోతాయి.

ఆ క్షణంలో ఏం చేయాలి? గింజ వెంటనే దొరక్కపోతే, దాన్ని మళ్లీ కిందికి, వచ్చిన బ్రాంకస్‌లోకే (ఒక ఊపిరితిత్తికి వెళ్లే గొట్టంలోకే) నెట్టేయాలి. తీయడానికి వచ్చిన వస్తువును లోపలికి నెట్టడానికి ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. కానీ అలా నెడితే రెండో ఊపిరితిత్తికి గాలి అందుతుంది, సాచురేషన్ కోలుకుంటుంది, మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఈ మాట పుస్తకంలో ఉంది, మీరూ చదివే ఉంటారు. మానిటర్‌లో అంకెలు పడిపోతుంటే, చేతిలో స్కోప్ ఉండగా, పక్కన సీనియర్ "కిందికి నెట్టు" అని మెల్లగా అంటుంటే ఒక్కసారి చేస్తేనే అది వంటబడుతుంది. ఫెలోషిప్ ఉన్నది ఇందుకే. తప్పు జరిగితే పట్టుకునే చెయ్యి పక్కనే ఉండగా, మీ చేత్తో మీరు చేయడం.

నేను తమిళనాడులో ఫెలోగా ఉన్నప్పుడు మా ప్రొఫెసర్ ప్రతి స్కోపీకి ముందు నర్సుతో కాదు, మాతోనే ట్రాలీ సర్దించేవారు. ఏ సైజు స్కోప్, దాని కంటే ఒక సైజు చిన్నది, ఏ ఫోర్సెప్స్ ఏ టెలిస్కోప్‌తో (స్కోప్ లోపల పెట్టి చూసే సన్నని కడ్డీతో) కలుస్తుంది, సక్షన్ గొట్టం ఆ స్కోప్‌లో పడుతుందా లేదా. సరిచూశాకే బిడ్డను లోపలికి తీసుకురానిచ్చేవారు. మొదట్లో విసుగొచ్చేది. సర్జరీ నేర్చుకోవడానికి వచ్చి ట్రాలీలు సర్దడమేంటి అనిపించేది. ఇప్పుడు నా దగ్గర పనిచేసే జూనియర్లతోనూ అదే చేయిస్తున్నాను. అర్ధరాత్రి రెండింటికి, కొత్త నర్సు డ్యూటీలో ఉన్నప్పుడు, టెలిస్కోప్ ఒక సైజుదీ స్కోప్ ఇంకో సైజుదీ అయితే ఏమవుతుందో ఒక్కసారి చూసినవాళ్లెవరూ ట్రాలీని ఇంకొకరికి వదిలెయ్యరు.

కాబట్టి ఎక్కడికి వెళ్లినా ముందు ఇవి అడగండి. అక్కడి మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఇప్పిస్తారా? రాత్రి డ్యూటీలు ఉన్నాయా? స్టైపెండ్ ఇస్తారా, లేక మీరే ఫీజు కట్టాలా? అన్నిచోట్లా కాకపోయినా, సాధారణంగా పని చేయించుకునేవాళ్లు జీతం ఇస్తారు, చూడనిచ్చేవాళ్లు ఫీజు తీసుకుంటారు. కిందటి ఏడాది ఫెలో లాగ్‌బుక్‌లో (కేసులు రాసుకునే పుస్తకంలో) ఆయన స్వయంగా చేసినవి ఎన్ని, అసిస్ట్ చేసినవి ఎన్ని, చూసినవి ఎన్ని? ఆ ఫెలో నంబర్ తీసుకుని మీరే ఫోన్ చేయండి. నంబర్ ఇవ్వడానికి వెనకాడితే ఆ సీటు గురించి ఇంక ఆలోచించకండి.

అపోహ: పిల్లల గొంతు కూడా అదే గొంతు, కాకపోతే చిన్నది

ఈ మాట మన సీనియర్లే అంటుంటే నాకు కోపమొస్తుంది. లెక్క వేసి చూడండి. 4 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న దారి చుట్టూ 1 మిల్లీమీటర్ వాపు వస్తే మిగిలేది 2 మిల్లీమీటర్లు. అంటే దారి వైశాల్యంలో నాలుగో వంతే మిగిలింది. గాలికి అడ్డంకి 16 రెట్లు పెరుగుతుంది. పెద్దవాళ్లలో అదే వాపుకు గొంతు కొంచెం బొంగురుపోతుంది, పసిబిడ్డ ఐసీయూలో ఉంటుంది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను మన జిల్లా కేంద్రాల్లో కూడా ఇప్పుడు బతికించుకుంటున్నాం. వాళ్లలో కొందరికి వారాల తరబడి గొంతులో ట్యూబ్ ఉండి, తీశాక స్వరతంత్రుల కింద దారి ఇరుకైపోతుంది. ఎంత ఇరుకైందో చెప్పడానికి కాటన్-మయర్ గ్రేడ్లు వాడతాం: సగం వరకు మూసుకుపోతే ఒకటి, 70 శాతం వరకు రెండు, 99 శాతం వరకు మూడు, దారే లేకపోతే నాలుగు. ఆ కాటన్ అమెరికాలోని సిన్సినాటీ పిల్లల ఆసుపత్రి సర్జన్ రాబిన్ కాటన్. పక్కటెముక మృదులాస్థి ముక్కతో ఆ దారిని వెడల్పు చేసే సర్జరీని నిలబెట్టిన వాళ్లలో ముఖ్యుడు. ఈ సర్జరీ కంటే కష్టం దాని తర్వాతి వారం. ట్యూబ్ ఎప్పుడు తీయాలి, తీశాక బిడ్డ అలసిపోతుంటే ఎంతసేపు ఆగాలి, పీఐసీయూ (పిల్లల ఐసీయూ) వాళ్లతో, మత్తు డాక్టరుతో, మింగడం నేర్పే థెరపిస్టుతో ఎలా మాట్లాడుకోవాలి? ఇదంతా అక్కడే పడుకుని, అక్కడే తిని నేర్చుకునే పని.

అపోహ: ఎన్ని సర్జరీలు చేస్తే అంత మంచి ఫెలోషిప్

లాగ్‌బుక్ అడగమన్నాను కదా అని సంఖ్య ఒక్కటే పట్టుకోకండి. వేలాది టాన్సిల్స్ చేయించి పంపే చోట్లు ఉన్నాయి. ఏ బిడ్డకు కత్తి అక్కర్లేదో నేర్పే చోటు వెతకండి.

నాలుగు నెలల బాబును ఎత్తుకుని ఒక అమ్మాయి వచ్చింది. ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడల్లా కీచుమని చప్పుడు. అత్తగారు దిష్టి అన్నారట, ఇంకెక్కడో వెంటనే ఆపరేషన్ చేయాలన్నారట. ఆ అమ్మాయి నిద్రపోయి ఎన్ని రోజులైందో ముఖం చూస్తేనే తెలుస్తోంది. రాత్రంతా పిల్లాడి గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చుంటోందట. సన్నని స్కోప్ వేసి చూశాం. లారింగోమలేషియా, అంటే స్వరపేటిక పైభాగం మెత్తగా ఉండి ఊపిరి తీసినప్పుడు లోపలికి పడిపోవడం. పసిపిల్లల్లో ఇలాంటి చప్పుడుకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఇదే. బాబు పాలు బాగా తాగుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు, నీలంగా మారడం లేదు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఏడాది నుంచి రెండేళ్లలోపు దానంతటదే తగ్గుతుంది. బరువు ఆగిపోయినా, ఊపిరి ఆగుతున్నా, ఛాతీ లోపలికి బాగా గుంజుకుపోతున్నా అప్పుడు సర్జరీ మాట. ఆ అమ్మాయికి బొమ్మ గీసి చూపించి, ఏం కనిపిస్తే పరిగెత్తుకు రావాలో కాగితం మీద రాసిచ్చి, ప్రతి నెలా బరువు చూపించమన్నాను. లేచి వెళ్తూ "అయితే ఇవాళ పడుకోవచ్చా మేడం?" అని అడిగింది. ఆ ధైర్యం ఇవ్వాలంటే ఏది ఆగదగ్గ కేసో, ఏది ఆగకూడనిదో మనకు తెలిసుండాలి. అందుకు ఇలాంటి పిల్లల్ని వందల్లో చూసినవాళ్ల పక్కన కూర్చుని ఓపీ చేయాలి. ఓటీ లిస్టులో ఆ చదువు ఉండదు.

అపోహ: పిల్లల ఈఎన్‌టీ అంటే టాన్సిల్స్, అడినాయిడ్సే కదా

కాదు. పుట్టు చెవుడు, కాక్లియర్ ఇంప్లాంట్ (సర్జరీతో చెవిలో పెట్టే వినికిడి పరికరం), మెడలో పుట్టుకతో వచ్చే సిస్టులు, ట్రాకియాస్టమీ (మెడ దగ్గర ఊపిరికి దారి పెట్టిన) పిల్లల సంరక్షణ, మింగిన బటన్ బ్యాటరీలు... అన్నవాహికలో ఇరుక్కున్న బ్యాటరీ 2 గంటల్లోనే తీవ్రంగా కాల్చేయగలదు. "రేపు పొద్దున చూద్దాం" అన్న మాట అక్కడ పనికిరాదు. టాన్సిల్స్ కూడా అంత తేలిక కాదు. ఇన్‌ఫెక్షన్ల వల్ల వాటిని తీయాలంటే ఏడాదిలో 7 సార్లు, లేదా రెండేళ్లు వరుసగా ఏడాదికి 5, లేదా మూడేళ్లు వరుసగా ఏడాదికి 3 సార్లు గొంతు ఇన్‌ఫెక్షన్ రావాలన్న లెక్క ఊరికే పెట్టలేదు.

అపోహ: యూఎస్‌ఎంఎల్‌ఈ (అమెరికా మెడికల్ లైసెన్స్ పరీక్ష) రాస్తే అమెరికాలో నేరుగా ఫెలోషిప్

అక్కడ 5 ఏళ్ల ఈఎన్‌టీ రెసిడెన్సీ (మన పీజీ లాంటి శిక్షణ) తర్వాత ఏడాదో రెండేళ్లో ఫెలోషిప్. చాలా ప్రోగ్రాములు అమెరికా లేదా కెనడా రెసిడెన్సీ అడుగుతాయి. విదేశీ సర్జన్లను తీసుకునేవి కొన్ని ఉన్నాయి, ఒక్కోదానికీ విడిగా రాసి అడగాలి. కెనడా, బ్రిటన్‌లలో మనవాళ్లకు దారి కొంచెం నయం. "గ్యారంటీ" అన్న ఏజెంటుకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి. మన దేశంలోనే మంచి చోట్లు ఉన్నాయి, మన పిల్లల జబ్బులు కూడా అక్కడే ఎక్కువ కనబడతాయి.

అపోహ: 30 దాటాక ఇంకా చదువేంటి

ఈ ప్రశ్న ఎక్కువగా ఆడపిల్లలే అడుగుతారు, ఇంట్లో సంబంధాల టెన్షన్‌తో. పెళ్లయ్యాక, బిడ్డ పుట్టాక ఫెలోషిప్ చేసినవాళ్లు నాకు తెలుసు. డ్యూటీ రోస్టర్ ఎలా ఉంటుందో, క్వార్టర్స్ ఇస్తారో లేదో ముందే అడగండి. అందులో మొహమాటం వద్దు.

అపోహ: ఫెలోషిప్ అయితే ఎక్కడైనా ప్రాక్టీస్ పెట్టొచ్చు

ఒక్కరి వల్ల అయ్యే పని కాదిది. చేరబోయే ఆసుపత్రిలో పిల్లల మత్తు డాక్టరు రాత్రిపూట వస్తారా, పీఐసీయూ ఉందా, 2.5 సైజు నుంచి మొదలయ్యే బ్రాంకోస్కోపుల సెట్టు, వాటికి సరిపోయే టెలిస్కోపులు, ఆప్టికల్ ఫోర్సెప్స్ (టెలిస్కోప్‌తో చూస్తూ పట్టుకునేవి) ఉన్నాయా చూడండి. లేకపోతే ఎప్పటిలోగా కొంటారో జాయినింగ్ లెటర్‌లోనే రాయించుకుని సంతకం పెట్టండి. చేరాక అడిగితే "వచ్చే బడ్జెట్‌లో చూద్దాం డాక్టర్" అంటారు, ఈలోగా శెనక్కాయ గింజ శ్వాసనాళంలోకి పోయిన బిడ్డ రానే వస్తుంది.