లైటు ఆరితే లైను ఆరినట్టు కాదు: గేటు లైటు టైమర్లపై అపోహలు, వాస్తవాలు

ఈశాన్య రుతుపవనాల వానలు తిరుపతిలో మొదలయ్యాయంటే నాకు ఒకే రకం ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ వస్తుంది. రాత్రి 11 గంటలకు టైమరు గేటు లైటును ఆపేసినా బల్బు తెల్లవార్లూ సన్నగా వెలుగుతూనే ఉంటుందని, అది ఎల్ఈడీలో మిగిలిపోయిన కరెంటేనని, దానివల్ల ప్రమాదమేమీ లేదని ఎవరో చెప్పారని అంటారు. బల్బులోని కెపాసిటరులో మిగిలే కరెంటు కొద్ది సెకన్లలో ఖాళీ అవుతుంది, రాత్రంతా బల్బును వెలిగించే శక్తి దానికి లేదు. ఇండికేటరు ఉన్న స్విచ్చులు, పొడవైన కేబుళ్ళు వంటి వేరే కారణాలు ఉండవచ్చు గానీ, ముందుగా అనుమానించవలసింది మాత్రం టైమరు ఫేజుకు (కరెంటును తెచ్చే తీగ) బదులు న్యూట్రల్‌ను (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) తెంచుతోందేమోనని.

తిరుచానూరు రోడ్డు వైపు ఒక ఇంటికి ఈ ఫిర్యాదు మీదే వెళ్ళాను. కొడుకు బెంగళూరులో ఉంటాడు, పెద్దావిడ ఒక్కరే ఉంటారు. ముందు రాత్రి వానకు లేచిన ఉసుళ్ళు గేటు స్తంభం మీది లైటు డూములో చచ్చి పడి ఉంటే, వాటిని తుడిచేందుకు ఆమె అప్పటికే స్టూలు వేసుకుని, చేతిలో తడిగుడ్డ పట్టుకుని ఉన్నారు. ఆగమన్నాను. "లైటు ఆరిపోయింది గదా నాయనా, ఇంగ కరెంటు యాడుంటుంది?" అన్నారు. డూము విప్పి హోల్డరు దగ్గర టెస్టరు పెడితే నియాన్ దీపం ఎర్రగా వెలిగింది. టైమరు ఆఫ్‌లోనే ఉంది, పగటి వెలుతురులో బల్బు వెలుగుతున్నట్టు కనిపించడం లేదు, అయినా హోల్డరులో 230 వోల్టుల ఫేజు ఉంది. నేను పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఈరోజుకీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ ఇంట్లో జరిగిన పొరపాటు చాలా ఇళ్ళలో జరిగేదే. స్విచ్చుల పెట్టెలో బిగించే టైమరుకు సాధారణంగా నాలుగు టెర్మినళ్ళు ఉంటాయి: రెండు దాని గడియారం నడవడానికి, రెండు లైటును కలిపి తెంచే కాంటాక్టుకు. పాత స్విచ్చుకు న్యూట్రల్‌తో పని లేదు, టైమరుకు ఉంది, కాబట్టి టైమరు పెట్టేటప్పుడు పెట్టెలోకి న్యూట్రల్ కూడా వస్తుంది. అక్కడికి వచ్చిన తీగలన్నీ ఒకే రంగువి అయినప్పుడు, టెస్టరు పెట్టి చూడకుండా ఊహ మీద బిగిస్తే కాంటాక్టులోకి న్యూట్రల్ వెళ్తుంది. లైటు వేళకు వెలిగి వేళకు ఆరుతుంది గనుక తప్పు ఎవరికీ కనిపించదు. కాంటాక్టు విడిపోయాక కూడా ఫేజు హోల్డరు దాకా నిలిచే ఉంటుంది, వానకు తడిసిన డూము ద్వారా, గోడ ద్వారా కొద్దిగా లీకవుతూ బల్బును మిణుకుమనిపిస్తుంది. స్విచ్ ఏదైనా ఫేజు మీదే ఉండాలన్నది వైరింగులో మేము నేర్చుకునే మొదటి పాఠం. అక్కడ తీగలు మార్చడానికి పావుగంట కూడా పట్టలేదు.

వైరింగు సరిగ్గా ఉన్న ఇంట్లో కూడా టైమరును నమ్మి హోల్డరులో చెయ్యి పెట్టకూడదు, ఎందుకంటే సాయంత్రం 6 గంటలకు సెట్ చేసిన టైమరు మీ వేళ్ళు ఎక్కడున్నాయో చూడదు, వేళ కాగానే కలుపుతుంది. బల్బు మార్చాలన్నా, డూము తుడవాలన్నా ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకేసారి విడదీసే డబుల్ పోల్ మెయిన్ స్విచ్ ఆపండి. కేవలం ఎంసీబీ (లోడు మించితే లైనును తనంతట తానే తెంచే స్విచ్) ఆపితే చాలదా అని అడుగుతారు. సింగిల్ పోల్ ఎంసీబీ ఒక్క తీగనే తెంచుతుంది, తీగలు తారుమారైన ఇంట్లో అది తెంచేది న్యూట్రల్‌నే కావచ్చు. బయటి లైట్లున్న లైనుకు, కరెంటు లీకైతే లైనును తెంచే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పక పెట్టించండి. అది షాకు తగలకుండా ఆపదు, తగిలిన షాకు ఒంటి గుండా నేలలోకి పోతే, అది ప్రాణం తీసేలోపు లైనును తెంచుతుంది. హోల్డరును టెస్టరుతో చూసే పని ఎలక్ట్రీషియనుకే వదలండి.

మిగిలిన అపోహలు ఇంత ప్రమాదకరమైనవి కావు. టైమరే బిల్లు పెంచుతుందని ఒక ప్రచారం ఉంది. 2 వాట్లు తీసుకునే టైమరు నెలంతా నడిచినా ఒకటిన్నర యూనిట్లకు మించదు. టైమరు లేక నాలుగు 9 వాట్ల బల్బులు రోజూ అదనంగా 12 గంటలు వెలిగితే నెలకు దాదాపు 13 యూనిట్లు. టైమరు మీద 16 ఆంపియర్లని రాసి ఉంది కాబట్టి ఎన్ని ఎల్ఈడీలైనా తగిలించవచ్చన్నదీ తప్పే. ఆ అంకె హీటరు వంటి లోడుకు చెప్పినది, ఎల్ఈడీలు వెలిగే క్షణంలో ఒక్కసారిగా లాగే ఎక్కువ కరెంటుకు కాంటాక్టులు అతుక్కుపోయి లైట్లు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండిపోవచ్చు. లైట్లు ఎక్కువైతే మధ్యలో కాంటాక్టరు (టైమరు చెప్పినప్పుడు పెద్ద లోడును కలిపి తెంచే స్విచ్) పెట్టించాలి. ఒకసారి సెట్ చేస్తే ఏడాదంతా సరిపోతుందనుకోవద్దు. మన ఊళ్ళో నవంబరు చివర సూర్యుడు సాయంత్రం 5.40 ప్రాంతంలో, జులై మొదట్లో 6.40 ప్రాంతంలో అస్తమిస్తాడు. ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే తానే లెక్కకట్టుకునే టైమర్లు దొరుకుతున్నాయి.

ఇంటికి తాళం వేసి ఊరెళ్ళేవారి ఆందోళన మాత్రం నాకు అర్థమవుతుంది. గేటు లైటు పట్టపగలు వెలుగుతుంటే ఇంట్లో ఎవరూ లేరని దొంగకు చెప్పినట్టవుతుందని వారి భయం. కరెంటు పోయి వచ్చాక వేళ తప్పితే టైమరు చెడిపోయిందనుకుని కొత్తది కొనేస్తారు. బ్యాటరీ లేని డయలు టైమరులో కరెంటు పోయినంతసేపు గడియారం ఆగిపోతుంది. రెండు గంటలు పోతే 6 గంటలకు వెలగవలసిన లైటు 8 గంటలకు వెలుగుతుంది, అంతే. ఊరికి వెళ్ళేవారు బ్యాటరీ రిజర్వు ఉన్న టైమరు పెట్టించుకోండి. ఇంట్లో ఉండేవారైతే డయలును బాణం గుర్తు చూపే వైపే తిప్పి, ఆ సమయానికి ఉన్న గంటను గుర్తుకు ఎదురుగా నిలిపితే సరిపోతుంది.